మొటిమ తగ్గినా మచ్చ ఎందుకు నిలుస్తుంది?

ప్రశ్న: నా వయసు 23, చామనఛాయ. మొటిమలు తగ్గిన చోటల్లా గోధుమరంగు మచ్చలు మిగిలాయి. రోజూ నిమ్మరసం పెడుతున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీముతో రెండు వారాల్లో తేటబడ్డాయి. మానేసరికి ముఖమంతా ఎరుపు, కొత్త మొటిమలు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ ట్యూబు మీద మందుల పేర్లు చూడండి. మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్... వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. ముఖం తేటబడిందీ దానితోనే, మానగానే ఎర్రబడిందీ దానివల్లే. మళ్లీ పూయకండి. ఎరుపు, మంట తగ్గేదాకా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ చాలు. ఈలోగా చర్మవైద్యులకు చూపించండి.

నిమ్మరసం కూడా మానాలి. మొటిమ వాపుకి రెచ్చిపోయిన రంగు కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా వదలడం వల్లే ఈ మచ్చ. చురుక్కుమనిపించేది ఏది పూసినా మళ్లీ వాపు, మళ్లీ నలుపు. గిల్లడమూ అంతే.

ముఖం కుదుటపడ్డాక మొటిమలకు వాడే అడాపలీన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టవచ్చు. రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని, మచ్చల మీదే కాక ముఖమంతా పలచగా రాయాలి. కొత్త మొటిమలు ఆగకపోతే పాత మచ్చలతో కుస్తీ దండగ. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పొట్టు లేస్తే ఇంకా తగ్గించండి. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ఇది వద్దు, అజెలాయిక్ యాసిడ్ గురించి డాక్టర్‌ను అడగండి. ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన ఉండాలి. చాలామంది చిటికెడు రాసి పనిచేయలేదంటారు! ముఖానికి, మెడకి కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత కావాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మీ ఛాయకి మేలు, కంటికి కనిపించే వెలుతురు కూడా మచ్చని ముదురు చేస్తుంది కాబట్టి.

గోధుమరంగు మచ్చ పైపొరలోది, ఆరు నెలల నుంచి ఏడాదిలో పలచబడుతుంది. నీలం కలిసిన బూడిదరంగులో ఉంటే లోపొరలోది, ఏళ్లు పట్టవచ్చు.

ప్రశ్న: బండి సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. రెండు నెలలైంది, పుండు మానింది, నల్లమచ్చ ఉంది.

జవాబు: కాళ్ల మీద మచ్చలు ముఖం కంటే నిదానంగా పోతాయి. రోజూ వ్యాజిలిన్ రాయండి, ఎండ తగలకుండా ప్యాంటుతో కప్పండి. పీచుతో రుద్దకండి. మచ్చ ఉబ్బి, గట్టిపడి, దురద పెడుతుంటే మాత్రం అది రంగు సమస్య కాదు, డాక్టర్‌కు చూపించాలి.