కొత్తగా వార్డులో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, తల్లీ. చదువులో నేర్చుకున్నవన్నీ మళ్లీ చెప్పను. పని ఒత్తిడిలో అందరూ ముందుగా వదిలేసే జాగ్రత్తల గురించే రాస్తున్నాను.

మొదట సూది సంగతి. ఇంజక్షన్ చేశాక సూదికి మళ్లీ మూత పెట్టకు. వేలికి గుచ్చుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. సూదిని సిరంజి నుంచి కోసి వేరు చేసే హబ్ కట్టర్‌ను ట్రాలీ మీద పెట్టుకుని మంచం దగ్గరికే తీసుకెళ్లు. సూది తెల్ల డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్లాలి. డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్పించు. సూది పొరపాటున సంచిలో పడితే అది గుచ్చుకునేది చెత్త ఎత్తే ఆయమ్మకు. మన తొందరకు ఆమె ఎందుకు బలి కావాలి?

జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి గుచ్చుకుంటుంది. అప్పుడు వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు, స్పిరిట్ పోయకు. కుళాయి కింద సబ్బుతో కడుక్కో. చేతిలో పని మరొకరికి అప్పగించి వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పి, రిజిస్టరులో రాయించు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టడం మంచిది. 72 గంటలు దాటితే ఇవ్వరు. మొదలుపెట్టాక 28 రోజులూ వాడాలి. తిడతారేమోనని రెండు రోజులు దాచిపెట్టి, తర్వాత ఏడ్చిన పిల్లలను చూశాను. తిడితే తిట్టనీ, నువ్వు మాత్రం చెప్పు.

ఇక గ్లవ్స్. వాటితోనే యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, పక్క మంచం సెలైన్ సరిచేసి, కేస్ షీటు రాసేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల చెయ్యి శుభ్రంగానే ఉంటుంది, రోగికే ముప్పు. ఒక రోగి దగ్గర పని అయిపోగానే గ్లవ్స్ తీసెయ్యి, తీశాక చేతులు కడుక్కో. విరేచనాల రోగి దగ్గర శానిటైజర్‌తో సరిపెట్టుకోకు, సబ్బూ నీళ్లే వాడు.

రోగం పేరు తెలిశాక జాగ్రత్త పడదాంలే అనుకోకు. 2018లో కేరళలోని పెరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో లినీ పుతుస్సేరి అనే నర్సు ఒక జ్వరం రోగికి సేవ చేసింది. అది నిపా అనే ప్రాణాంతక వైరస్ జ్వరం అని అప్పటికి ఎవరికీ తెలియదు. అదే సోకి ఆమె ప్రాణం పోయింది, ఇద్దరు పసిపిల్లలు తల్లిలేని వాళ్లయ్యారు. ఆమె పేరు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. అందుకే దగ్గే ప్రతి రోగి దగ్గరా మాస్కు పెట్టుకో, రోగికీ ఒకటి ఇవ్వు.

హెచ్‌ఐవీ ఉన్న రోగి గురించి వరండాలో మాట్లాడకు, మంచం మీద గుర్తులు పెట్టనివ్వకు. అతని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం కూడా ఒప్పుకోదు.

చేరేలోపు హెపటైటిస్ బి టీకా సంగతి చూసుకో. టీకా లేనివాళ్లకు సూది వల్ల హెచ్‌ఐవీ కన్నా అదే ఎన్నో రెట్లు సులువుగా అంటుకుంటుంది. మొదటి డోసు వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడూ అయ్యాక నెలా రెండు నెలల్లో టైటర్ పరీక్ష, అంటే టీకా రక్షణ వచ్చిందో లేదో చూసే రక్త పరీక్ష, చేయించు. 10 mIU/mL కన్నా తక్కువ వస్తే మళ్లీ వేయించుకోవాలి.

మీ పెద్దమ్మ