ఒలింపియాడ్‌లో సంఖ్యా సిద్ధాంతం ప్రశ్నలు ఎక్కడి నుంచి ఊడిపడతాయి?

మీ అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఐఓక్యూఎంకు (గణిత ఒలింపియాడ్ తొలి అర్హత పరీక్షకు) చదువుతున్నాడనీ, జ్యామితి ఫరవాలేదు గానీ సంఖ్యల ప్రశ్నలు ఏ పాఠానికీ చెందనట్టు ఉన్నాయనీ రాశారు. ముప్పై ఏళ్ల కిందట చెన్నైలో మా నాన్నగారిదీ ఇదే ఫిర్యాదు.

అప్పట్లో నన్నొక ట్యూషన్‌లో చేర్చారు. ఫెర్మా, విల్సన్, ఆయిలర్ సిద్ధాంతాలను అక్కడి మాస్టారు సహస్రనామంలా వల్లె వేయించారు. ప్రాంతీయ ఒలింపియాడ్ ఆర్‌ఎంఓలో ఒక్క నామమూ ఆదుకోలేదు. పేజీ నిండా పేర్లు రాసి వచ్చాను. ఫలితం మీరే ఊహించుకోండి.

దారి చూపింది మా బాబాయి. హార్బరులో గుమాస్తా. ఒక సాయంత్రం తాంబరం లోకల్ రైలులో తన డైరీ వెనక రెండు వరుసలు రాశారు. రెట్టింపు వరుస: 2, 4, 8, 16, 32. మూడింతల వరుస: 3, 9, 27, 81. "9 కంటే 8 ఒకటి తక్కువ. 3, 2 కూడా అంతే. ఇలాంటి జంట ఇంకొకటి వెతకరా" అన్నారు. మాంబళం దాటేదాకా గుణిస్తూ పోయాను, దొరకలేదు. "అన్నింటినీ 4తో భాగించి చూడు" అన్నారు.

మూడింతల వరుసలో శేషాలు 3, 1, 3, 1. రెట్టింపు వరుసలో 4 నుంచి అన్నీ సున్నాలే. ఒకటి ఎక్కువ కావాలంటే శేషం 1 రావాలి. అంటే మూడింతల వరుసలో సరి స్థానాలవే పనికొస్తాయి, అవన్నీ వర్గాలు. వర్గంలోంచి 1 తీసేస్తే అది రెండు సంఖ్యల లబ్ధం. వాటి మధ్య తేడా 2. ఆ లబ్ధం రెట్టింపు వరుసలో ఉండాలంటే ఆ రెండు సంఖ్యలూ ఆ వరుసలోవే కావాలి. అందులో తేడా 2 ఉన్న జంట 2, 4 ఒక్కటే. వాటి లబ్ధం 8, పక్కన 9. గిండీ రాకముందే కథ ముగిసింది!

2, 3 మాత్రమే కాకుండా 1 కంటే పెద్ద ఏ సంఖ్యల ఘాతాలైనా (వర్గం, ఘనం, ఆపైవి) తీసుకోవచ్చంటే అదే 1844లో గణితవేత్త కాటలాన్ వేసిన ప్రశ్న. అలాంటి ఘాతాల్లో 8, 9 తప్ప పక్కపక్క జంట లేదని గణితవేత్త మిహైలెస్కు రుజువు చేసింది 2002లో. పోటీల్లో వచ్చే మంచి ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే: పెద్ద సమస్యలో బడిపిల్లల పనిముట్లకు లొంగే మూల. (పోటీ జరిగే సంవత్సరాన్ని ఘాతంలో ఇరికించి చివరి రెండంకెలు అడిగేవీ ఉంటాయి. వాటిమీద నాకు గౌరవం లేదు.)

ఐఓక్యూఎంలో 30 ప్రశ్నలు, మూడు గంటలు, జవాబు రెండంకెల్లో గుర్తించాలి. చిన్న సంఖ్యలతో ఊహించినా మార్కు వస్తుంది, అక్కడే పిల్లలు చెడిపోతారు. జవాబు వచ్చాక, ఇంకేదీ ఎందుకు కుదరదో నాలుగు వాక్యాల్లో రాయించండి. ఆర్‌ఎంఓకు వెళితే అడిగేది అదే.

బాబాయి ఆఫీసులోనే ఒకప్పుడు రామానుజన్ గుమాస్తా. రెట్టింపు వరుసలో 7 తీసేస్తే వర్గం వచ్చేవి 8, 16, 32, 128, 32768 మాత్రమేనా అని ఆయన 1913లో అడిగారు. చివరిది 181 వర్గం. రుజువు 1948లో గణితవేత్త నాగెల్ ఇచ్చారు. దాన్ని మీవాడికి ఇప్పుడే ఇవ్వకండి. 7 బదులు 1 తీసేయమనండి. 2 తర్వాత ఒక్కటీ ఎందుకు దొరకదో చెప్పడానికి 4తో భాగిస్తే చాలు.