ప్యాచ్ ఉంచి క్యాప్సూల్ మానేయవచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ముట్లు ఆగి ఏడాదిన్నర అయింది. వేడి ఆవిర్లకు 50 మైక్రోగ్రాముల ఈస్ట్రడయోల్ ప్యాచ్, రాత్రికి 100 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ రాశారు. ఆవిర్లు దాదాపు పోయాయి. కానీ క్యాప్సూల్ వేసుకున్న మర్నాడు పదింటిదాకా తల దిమ్ముగా ఉంటోంది. అదొక్కటి మానేయవచ్చా?

జవాబు: మానకండి. ఆ రెండూ ఒకే పనికి రాసినవి కావు. ఆవిర్లను తగ్గించేది ప్యాచ్‌లోని ఈస్ట్రోజెన్ (ఈస్ట్రడయోల్ దానిలో ఒక రకం). అదే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను కూడా పెంచుతుంది. ఆ పొర నెలల తరబడి అదుపు లేకుండా మందమవుతూ పోతే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దాన్ని పల్చగా ఉంచేది ప్రొజెస్టెరాన్. అది చేసే మేలు పైకి కనపడదు, మత్తు మాత్రం కనపడుతుంది. అందుకే చాలామంది ముందు దీన్నే పక్కన పెట్టేస్తారు. గర్భసంచి తీసేసినవాళ్లకు మాత్రం సాధారణంగా ఈ మందు అక్కర్లేదు.

ఇక మత్తు సంగతి. ప్రొజెస్టెరాన్ ఒంట్లో విరిగినప్పుడు తయారయ్యే ఒక పదార్థం మెదడు మీద నిద్రమందులా పనిచేస్తుంది. భోజనంతో పాటు వేసుకుంటే మందు మరింతగా ఒంటికి పడుతుంది, మత్తూ పెరుగుతుంది. కాబట్టి భోంచేసిన రెండు మూడు గంటల తర్వాత, పక్క ఎక్కే ముందు వేసుకోండి. పగటిపూట వద్దే వద్దు. అప్పటికీ దిమ్ము వదలకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, అదే క్యాప్సూల్‌ను యోనిలో పెట్టుకోవడం. రెండోది, 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే కృత్రిమ హార్మోన్) ఉన్న పరికరాన్ని గర్భసంచిలో అమర్చడం. ఈ పరికరంతో రోజూ క్యాప్సూల్ మింగే పని ఉండదు. ఏదైనా డాక్టర్‌తో మాట్లాడాకే మార్చాలి. ఇంకో మాట: కొన్ని రకాల క్యాప్సూళ్లలో వేరుశనగ నూనె ఉంటుంది. వేరుశనగ పడనివాళ్లు డబ్బా మీద చదివి తీసుకోవాలి.

ప్రశ్న: వారానికి రెండుసార్లు మార్చే ప్యాచ్ వాడుతున్నాను. చెమటకి అంచులు లేచిపోతున్నాయి. రెండుసార్లు స్నానంలో ఊడిపోయింది. టేపు వేసి అంటించవచ్చా?

జవాబు: టేపు కంటే ముందు చోటు చూసుకోండి. నడుము కింద, పొత్తికడుపు మీదో పిరుదు పైభాగంలోనో వేయాలి. రొమ్ము మీద ఎప్పుడూ వేయకూడదు. చీర కుచ్చిళ్లో ప్యాంటు నడుంపట్టీయో రాసుకునే గీత మీద వేస్తే సాయంత్రానికే అంచు మడత పడుతుంది. ఆ గీతకు నాలుగు వేళ్ల దూరంలో వేయండి. స్నానం చేసి ఒళ్లు చల్లబడి, చర్మం పూర్తిగా ఆరాకే అంటించాలి. ఆ చోట నూనె, లోషన్, పౌడర్ ఏమీ ఉండకూడదు. జిగురు వైపు వేళ్లు తగలనివ్వకుండా అతికించి, అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదిమి, అంచుల చుట్టూ వేలితో ఒక్కసారి నొక్కండి.

ఊడితే దాన్నే మళ్లీ అంటించి చూడండి. నిలవకపోతే కొత్తది వేసుకుని, ప్యాచ్ మార్చే రోజును మాత్రం మార్చకండి. సోమ, గురువారాలు పెట్టుకుంటే లెక్క తప్పదు. ఒకే చోట వెంటవెంటనే వేస్తే దురద, ఎర్రదనం వస్తాయి. ఒక వారమైనా ఆ చోటును వదిలేయండి. మిగిలిన నల్లటి జిగురు మీద కాస్త నూనె రాస్తే వచ్చేస్తుంది. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది, కాబట్టి జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారేయాలి.

ఇవన్నీ చేసినా నిలవకపోతే ప్యాచ్ వదిలి జెల్‌కు మారడమే నయం. అది ఆరేదాకా బట్ట తగలకూడదు. రాసిన చోటును గంటసేపు తడపకూడదు, ఎదుటివాళ్ల చర్మానికి తగలనివ్వకూడదు.

ప్రశ్న: హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని అక్క నన్ను భయపెడుతోంది. నా వయసు 50.

జవాబు: ఈ భయానికి మూలం 2002లో మధ్యలోనే ఆపేసిన ఒక పెద్ద అమెరికన్ పరిశోధన, విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. అందులో గర్భసంచి ఉన్న 16,608 మందికి గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానికి తోడు మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అనే కృత్రిమ హార్మోన్ కలిపిన మాత్ర, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. వాళ్ల సగటు వయసు 63. ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 30 మందికి వస్తే, మందు వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. అంటే అదనంగా 8 మంది. అది సున్నా కాదు, పత్రికల శీర్షికలు అరిచినంత భూకంపమూ కాదు. గర్భసంచి తీసేయడంతో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం పెరగడంతో 2004లో ఆ భాగాన్నీ ఆపేశారు.

60 లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్లలోపు, బాధించే ఆవిర్లతో మొదలుపెట్టేవాళ్లకు మామూలుగా నష్టం కంటే మేలే ఎక్కువ. మాత్ర మింగితే ఈస్ట్రోజెన్ ముందు లివర్‌కు చేరి, రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం నుంచి వెళ్లే ప్యాచ్, జెల్ మామూలు డోసులో ఆ పని చేయవు. బరువు ఎక్కువున్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు మాత్ర కంటే ప్యాచే మంచిదనేది అందుకే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డకట్టినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, లివర్ జబ్బు ముదిరినవాళ్లు స్పెషలిస్ట్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర ఏళ్లుగా ఒకే డోసులో సరిపోయింది. ఈస్ట్రడయోల్ మాత్ర మొదలయ్యాక టీఎస్‌హెచ్ (ఒంటికి థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగేది) పెరిగింది. ఎందుకు?

జవాబు: మింగే ఈస్ట్రోజెన్ వల్ల రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ పెరుగుతుంది, ఒంటికి అందేది తగ్గుతుంది. థైరాయిడ్ డోసు పెంచుతారు, లేదా ప్యాచ్‌కు మారుస్తారు. ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల్లో టీఎస్‌హెచ్ చూడటం అవసరం.

ప్రశ్న: 64 ఏళ్లు. ఆవిర్లు లేవు. యోనిలో పొడిదనం, మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. ఈ వయసులో హార్మోన్లా?

జవాబు: ఒళ్లంతా పనిచేసే హార్మోన్ మీకు అక్కర్లేదు, అక్కడ పెట్టుకునే ఈస్ట్రోజెన్ చాలు. 10 మైక్రోగ్రాముల మాత్రను రెండు వారాలు రోజూ, ఆపైన వారానికి రెండుసార్లు యోనిలో పెట్టుకోవాలి. రక్తంలోకి చేరేది అత్యల్పం కాబట్టి తోడుగా ప్రొజెస్టెరాన్ వాడనక్కర్లేదు. పూర్తి గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పది రోజులకే పనిచేయలేదని వదిలేయొద్దు. మానేస్తే పొడిదనం మళ్లీ వస్తుంది, కాబట్టి బాధ ఉన్నంతకాలం వాడవచ్చు. మధ్యలో ఎర్రమరక కనిపించినా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్ట్‌కు చూపించండి.