సర్కారు బడిలో టీచర్ కావాలంటే డీఎడ్డా, బీఎడ్డా? ఫీజు కన్నా ముందు వేయాల్సిన లెక్క

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది నల్లగొండ జిల్లా. ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ 58 శాతం మార్కులతో పాసయ్యాను. ప్రైవేటు స్కూల్లో 3, 4 తరగతులకు పాఠాలు చెబుతున్నాను. జీతం 13 వేలు, మే నెలకు ఇవ్వరు. మా ఆయనకు 24 వేలు వస్తాయి. బాబుకు నాలుగేళ్లు. అద్దె, సరుకులు, బాబు ఖర్చులు అన్నీ కలిపి నెలకు 26 వేలవుతాయి. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5 వేలు కడుతున్నాం, 20 నెలల్లో 8 అయిపోయాయి. బ్యాంకులో లక్షన్నర ఎఫ్‌డీ, ఇంట్లో ఐదు తులాల బంగారం ఉన్నాయి. వచ్చే ఏడాది బీఎడ్‌లో చేరి, సర్కారు బడిలో చిన్నపిల్లలకు టీచర్ కావాలని నా కోరిక. పక్క రాష్ట్రంలో ఒక కాలేజీవాళ్లు లక్షా పది వేలు కడితే చాలు, క్లాసులకు రానక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు అంటున్నారు. బంగారం కుదువ పెట్టి కట్టేయమంటారా?

జవాబు: కట్టొద్దు. ఆ కాలేజీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. దానికన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే సర్కారు ఉద్యోగానికి బీఎడ్ పనికిరాదు.

బీఎడ్ పెద్ద చదువు కాబట్టి చిన్న తరగతులకూ చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. కొన్నాళ్లు అలాగే నడిచింది కూడా. టీచర్ శిక్షణ కోర్సులను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ బీఎడ్ వాళ్లనూ 1 నుంచి 5 తరగతుల పోస్టులకు అనుమతించింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని చెల్లదని తేల్చింది. అప్పటి నుంచి సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ఎస్జీటీ పోస్టుకు ఇంటర్ తర్వాత చేసే రెండేళ్ల డీఎడ్ ఉండాలి. ఇప్పుడు దాని పేరు డీఎల్ఈడీ. బీఎడ్‌తో వెళ్లగలిగేది హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు.

పోస్టుల లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తెలంగాణ 2024 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ల నియామకంలో, మొత్తం 11,062 పోస్టులు. అందులో ఎస్జీటీలు 6,508. స్కూల్ అసిస్టెంట్లు 2,629 మాత్రమే. ఈ 2,629 కూడా లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, భాషలు అంటూ సబ్జెక్టుల వారీగా, జిల్లాల వారీగా, మాధ్యమాల వారీగా చీలిపోతాయి. మీ సబ్జెక్టుకు మీ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగలవచ్చు. దీనికి కారణం సర్వీసు నిబంధనల్లోనే ఉంది. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం కింది నుంచి ప్రమోషన్‌తో నిండుతాయి, నేరుగా తీసుకునేది 30 శాతమే. అంటే ఎస్జీటీగా చేరినవాళ్లకు హైస్కూలు తలుపు మూసుకుపోదు, లోపలి నుంచి తెరుచుకుంటుంది.

మీరు ఇప్పుడు చెబుతున్నది 3, 4 తరగతులకే. కోరిక కూడా అదే. కాబట్టి నా సలహా ఇది: వచ్చే ఏడాది డీఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్, బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రెండూ రాయండి. డీసెట్‌తో ప్రభుత్వ డైట్‌లో, అంటే జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో, సీటొస్తే మరో ఆలోచన లేకుండా చేరిపోండి. అక్కడ ఫీజు నామమాత్రం, అనుబంధ బడి పక్కనే ఉంటుంది. డైట్‌లో రాకపోతే ఎన్‌సీటీఈ గుర్తింపున్న ప్రైవేటు డీఎడ్ కాలేజీలో కన్వీనర్ సీటు, అంటే ర్యాంకును బట్టి ఇచ్చే సీటు చూడండి. అదీ కుదరనప్పుడే బీఎడ్. డిగ్రీ చదివి మళ్లీ ఇంటర్ స్థాయి కోర్సా అని చుట్టాలు అంటారు. అననివ్వండి.

బీఎడ్‌ను తక్కువ చేసి చెప్పడం లేదు. గురుకులాల్లో టీజీటీ (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్), కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ, మంచి ప్రైవేటు హైస్కూళ్లు, ఇవన్నీ బీఎడ్‌తోనే. మీకు ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పాలని ఉంటే నా జవాబు మారేది. కానీ డీఎడ్ చేసిన మనిషి తర్వాత దూరవిద్యలో బీఎడ్ చేయొచ్చు. ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆ కోర్సుకు డిగ్రీలో 50 శాతం మార్కులతో పాటు, రెగ్యులర్ పద్ధతిలో ఏదో ఒక టీచర్ శిక్షణ ముందే పూర్తయి ఉండాలి. మీకు ఇప్పుడు ఆ శిక్షణ లేదు కాబట్టి దూరవిద్య బీఎడ్ దొరకదు. డీఎడ్ అయ్యాక దొరుకుతుంది. జీతం తీసుకుంటూ, ఇల్లు గడుపుకుంటూ బీఎడ్ పూర్తిచేసి, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో రెండో పేపర్ కూడా పాసై ప్రమోషన్‌కు అర్హత తెచ్చుకోవచ్చు. ప్రమోషన్‌కూ టెట్ తప్పనిసరని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆ కాలేజీ విషయం. మీకు ఎందుకు ఆశ పుట్టిందో నాకు అర్థమైంది. ఏడాదికి 11 నెలల జీతం లెక్కన రెండేళ్లలో మీరు వదులుకునేది 2 లక్షల 86 వేలు. లక్షా పది వేలతో అది మిగులుతుందంటే ఎవరికైనా లాభంగానే కనిపిస్తుంది. కానీ రెగ్యులర్ బీఎడ్‌కు ఏడాదికి 200 పనిదినాలు ఉండాలి, క్లాసులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. మీరు నల్లగొండలో పాఠం చెబుతున్న రోజునే పక్క రాష్ట్రంలో హాజరు పడుతుంది. ఈ దొంగ హాజరు బయటపడటానికి పెద్ద దర్యాప్తేమీ అక్కర్లేదు. మీ స్కూలు పీఎఫ్ కడుతుంటే పాస్‌బుక్కులో నెలనెలా జమ కనిపిస్తుంది. పీఎఫ్ లేకపోయినా బ్యాంకు ఖాతాలో జీతం పడుతుంది, స్కూలు రిజిస్టర్లో మీ సంతకం ఉంటుంది. ఎవరైనా పోటీ అభ్యర్థి ఫిర్యాదు చేస్తే ఉద్యోగం వచ్చాక కూడా పోవచ్చు. అప్పటికి మీరు నష్టపోయేది లక్షా పది వేలు కాదు, చదివిన ఏళ్లన్నీ.

కాలేజీ నిజమైనదే అయినా ఒక పని తప్పకుండా చేయండి. ఎన్‌సీటీఈ వెబ్‌సైట్లో దాని గుర్తింపు ఉత్తర్వు తెరిచి, ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు అనుమతి ఉందో చూడండి. బీఎడ్, డీఎడ్ రెండింటికీ ఒక యూనిట్ అంటే 50 సీట్లు. ఒకే యూనిట్ ఉన్నచోట 80 మందిని చేర్చుకుంటుంటే ఆ పైనున్న 30 మంది సర్టిఫికెట్లు గాలిలో ఉన్నట్టే. కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి. రికార్డుల ఫీజు, ప్రాక్టికల్స్ ఫీజు అంటూ చేతిలో అడిగే డబ్బు అసలు ఫీజుకు తోడవుతుంది. చేరకముందే సీనియర్లను అడిగి తెలుసుకోండి.

ఇక మీ ఇంటి లెక్క. డైట్ సీటు రాలేదని, ఏడాదికి 30 వేల ఫీజుండే ప్రైవేటు కాలేజీలో చేరారని అనుకుని, కష్టమైన వైపు నుంచే వేస్తున్నాను.

చేరడానికి ఇంకా 9 నెలలుంది. ఇప్పుడు మీ ఇద్దరి జీతం 37 వేలు, ఖర్చు చిట్టీతో కలిపి 31 వేలు. నెలకు 6 వేలు మిగలాలి. మే జీతం రాదు కాబట్టి 9 నెలలకు మిగిలేది 41 వేలు. కాలేజీలో చేరే నాటికి చిట్టీ ఇంకా 3 నెలలుంటుంది. ఆ 3 నెలలు మీ ఆయన జీతానికి మించి పడే ఖర్చు 7 వేలు, బస్సు ఛార్జీలు, చార్టులు, రికార్డులకు 2,500 కలిపి నెలకు 9,500 లోటు. మొత్తం 28,500. తర్వాత 21 నెలలు లోటు 4,500కు తగ్గుతుంది, అది 94,500. రెండూ కలిపి లక్షా 23 వేలు. ఫీజు 60 వేలు. టెట్, డీఎస్సీ దరఖాస్తులు, పుస్తకాలు, మోడల్ పరీక్షలకు 25 వేలు. అంతా కలిపి 2 లక్షల 8 వేలు.

మీ దగ్గర ఎఫ్‌డీ లక్షన్నర, మిగులు 41 వేలు, చిట్టీ. చిట్టీని మధ్యలో తోసి పాడకండి, చివరి నెల దాకా ఆగండి. రిజిస్టరైన చిట్టీలో కమీషన్ 7 శాతం దాటకూడదు కాబట్టి దాదాపు 93 వేలు రావాలి. నెలనెలా వచ్చే డివిడెండ్ నేను లెక్కలోకి తీసుకోలేదు. మొత్తం 2 లక్షల 84 వేలు. ఖర్చులు పోగా 76 వేలు చేతిలో ఉంటాయి, దాదాపు మూడు నెలల ఇంటి ఖర్చు. అప్పు అవసరం లేదు. డైట్ సీటొస్తే ఫీజు డబ్బులో చాలావరకు దీనికి తోడవుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు. బీసీ, ఈబీసీలకు వార్షికాదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీరు ఉద్యోగం మానినా మీ ఆయన జీతమే ఏడాదికి 2 లక్షల 88 వేలు. మీసేవలో తక్కువ ఆదాయం రాయిస్తామనేవాళ్లుంటారు. రేపు ప్రభుత్వ ఉద్యోగంలో చేరాల్సిన మీరు అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

లక్షన్నర ఒకే ఎఫ్‌డీగా ఉంటే అలాగే కొనసాగించకండి. గడువు తీరినప్పుడు 25 వేల చొప్పున ఆరు చేసి, మూడు నాలుగు నెలల తేడాతో మెచ్యూర్ అయ్యేలా వేయండి. అవసరానికి ఒకటి తీసినా మిగతావాటికి వడ్డీ కోత పడదు.

రెండేళ్లూ ఇంటికి ఒకే జీతం. ఆ జీతం తెచ్చే మనిషికి బీమా లేకపోతే పైన వేసిన లెక్కంతా ఒక్కరోజులో తలకిందులవుతుంది. మీ ఆయన పేరిట కనీసం 40 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. అది వచ్చేలోపే బ్యాంకులో జీవనజ్యోతి, సురక్షా బీమాలకు సంతకం పెట్టించండి. ఏడాదికి 436, 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదానికి, చెరో 2 లక్షలు ఇస్తాయి. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే అవి ఆగిపోతాయి, చూసుకోండి.

చదువు రెండేళ్లలో అయిపోతుంది, నోటిఫికేషన్ మాత్రం మన చేతిలో లేదు. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి ఆ పేరు) తర్వాత 2024 దాకా డీఎస్సీ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో 16,347 పోస్టులతో జరిగింది. మధ్యలో ఉద్యోగాలు మానేసి, హైదరాబాద్‌లో హాస్టల్ అద్దెలు కడుతూ ఏళ్లు గడిపిన కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. మీరు డీఎడ్ పరీక్షలు రాసిన మర్నాటి నుంచే ప్రైవేటు స్కూలుకు తిరిగి వెళ్లండి. చదువుకోవడానికి పొద్దున్నే రెండు గంటలు పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చిన తర్వాత, ఆ మూడు నాలుగు నెలలకే సెలవు పెట్టండి. మిగిలిన 76 వేలు ఆ నెలల కోసమే. 2024 డీఎస్సీలో వయోపరిమితి 46, మీకు సమయముంది.

ఆ ఎదురుచూపులో చవగ్గా లాభమిచ్చేది టెట్. తుది ర్యాంకులో డీఎస్సీ రాతపరీక్షకు 80, టెట్‌కు 20 మార్కులు. టెట్ 150 మార్కులకు కాబట్టి అందులో 10 మార్కులు పెరిగితే తుది లెక్కలో 1.33 పెరుగుతుంది. డీఎస్సీలో ఒక ప్రశ్నకు అరమార్కు. అంటే దాదాపు మూడు ప్రశ్నలు ముందే రాసిపెట్టుకున్నట్టు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. కానీ పాసై ఆగిపోవద్దు, 120 దాటేదాకా రాయండి. టెట్‌కు జీవితకాలం చెల్లుబాటు, ఎక్కువ వచ్చిన స్కోరే లెక్క.

మీరు అడగకపోయినా ఒక మాట. మీరు నల్లగొండకు పెళ్లయి వచ్చారా? జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత మీరు 1 నుంచి 7వ తరగతి దాకా చదివిన జిల్లాను బట్టి తేలుతుంది, అత్తగారి ఊరిని బట్టి కాదు. ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లూ ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి దగ్గర రికార్డు వెతికించాలి, దానికి వారాలు పడుతుంది.

ఉద్యోగం వస్తే 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ మూలవేతనం 31,040తో మొదలవుతుంది, దానిపై డీఏ, ఇంటద్దె అలవెన్సు. మూలవేతనం, డీఏల మీద 10 శాతం సీపీఎస్ పింఛను పథకానికి కోతపడుతుంది. ఆ జీతం రాబోతోందని ఇప్పుడే అప్పు చేయకండి.

ఇక బంగారం. నా లెక్కలో ఆ ఐదు తులాలను ఎక్కడా ముట్టుకోలేదు. ఒకవేళ మధ్యలో మీ ఆయన ఉద్యోగానికి ఏదైనా అయితే, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, అప్పుడు బ్యాంకులో, ప్రైవేటు తాకట్టు కొట్లో కాదు, అవసరమైన రెండు తులాలే పెట్టండి. ఫీజు కోసం మాత్రం ఒక్క గాజు కూడా తీయొద్దు.