సిమ్యులేషన్‌లో 3, బల్ల మీద 130

ప్రశ్న: సార్, కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీతో ఫోన్ చార్జ్ చేసుకుందామని 5 వోల్టులు, 2 ఆంపియర్ల బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) కట్టాను. 100 కిలోహెర్ట్జ్ స్విచింగ్, 47 మైక్రోహెన్రీల కాయిల్, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1ఎన్4007 డయోడ్. ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిపుల్, అంటే అవుట్‌పుట్ వోల్టేజీలో ఎగుడుదిగుడు, 3 మిల్లీవోల్టులే. కాలేజీ ఆసిలోస్కోప్‌తో చూస్తే 130 దాటుతోంది, డయోడ్ మీద వేలు పెట్టలేకపోతున్నాను. తప్పు నా లెక్కలోనా, సాఫ్ట్‌వేర్‌లోనా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లెక్క బాగానే ఉంది తమ్ముడూ, నేనూ కాగితం మీద వేసి చూశాను. డ్యూటీ సైకిల్, అంటే ఒక్కో సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, దాదాపు 42 శాతం, కాయిల్‌లో కరెంటు ఎగుడుదిగుడు 0.6 ఆంపియర్లు, దాన్నిబట్టి కెపాసిటర్ మీద రిపుల్ 3 మిల్లీవోల్టుల పైచిలుకు. సాఫ్ట్‌వేర్ కూడా నువ్వు గీసిన సర్క్యూట్ బొమ్మకే జవాబు చెప్పింది. ఆ బొమ్మలో కెపాసిటర్‌కి లోపలి రెసిస్టెన్స్ సున్నా. కొట్లో దొరికే మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ఆ లోపలి రెసిస్టెన్స్ (ఈఎస్‌ఆర్) 0.2 ఓమ్ ఉన్నా చాలు, 0.6తో గుణించి చూడు, 120 మిల్లీవోల్టులు అక్కడికక్కడే వచ్చేస్తాయి. ఎల్‌టీస్పైస్‌లో కెపాసిటర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈఎస్‌ఆర్‌కి ఓ గడి ఉంటుంది, అందులో 0.2 వేసి మళ్లీ రన్ చెయ్యి. నీ స్కోప్ చూపించినదానికి దగ్గర్లోకి వస్తుంది, ఆ రెండూ కలిసినప్పుడు కలిగే ఆనందం వేరు. తర్వాత ఈఎస్‌ఆర్ తక్కువుండే రకం కెపాసిటర్లు రెండు ప్యారలల్‌గా పెట్టు.

డయోడ్ సంగతి ఇంకా ముఖ్యం. 1ఎన్4007 మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసింది, పైగా 1 ఆంపియర్‌దే. కరెంటు దిశ మారగానే అది వెంటనే ఆగదు, ఆగేలోపు రెండు మైక్రోసెకన్ల దాకా పట్టొచ్చు, నీ సైకిల్ మొత్తం కలిపితే పది మైక్రోసెకన్లే కదా, అంచేత ప్రతిసారీ స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ ఆన్ కాగానే బ్యాటరీ కరెంటు నేరుగా డయోడ్‌లోంచి గ్రౌండ్‌కి పోతోంది. నువ్వు సిమ్యులేషన్‌లో వాడింది మోడల్ పేరు లేని ఉత్త డయోడ్ అయి ఉంటుంది, దానికి ఈ జాప్యమే తెలియదు. 1ఎన్5822 షాట్కీ (వెంటనే ఆగే రకం డయోడ్) వెయ్యి, బొమ్మలోనూ బోర్డు మీదా.

ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌ని చూసి డ్యూటీని సర్దే ఏర్పాటు, గురించి నువ్వేమీ రాయలేదు, నాకు అసలు టెన్షన్ అదే. డ్యూటీ 42 శాతం దగ్గరే బిగించేస్తే, చార్జింగ్‌లో బ్యాటరీ 14.4కి ఎక్కిన రోజు నీ 5 వోల్టులు 6 అవుతాయి. ఫీడ్‌బ్యాక్ పెట్టేదాకా ఫోన్ తగిలించకు, 20 వాట్ల 2.5 ఓమ్ రెసిస్టర్‌తోనే పరీక్షించు.