జీతం మానకుండా నేర్చుకునే దారి ముందు చూడండి

ప్రశ్న: మాది చీరాల దగ్గర పల్లె. నాకు 39 ఏళ్లు. బట్టల దుకాణంలో 19,000 రూపాయల జీతం. నా భార్య ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు 6,000 దాకా సంపాదిస్తుంది. పాప పదో తరగతి పాసైంది. ఇంట్లో ఫ్యాను కెపాసిటర్ తనే మార్చింది, ఎలక్ట్రికల్ చదువుతానంటుంది. పాలిసెట్ ర్యాంకుకు ఒంగోలు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు రావచ్చంటున్నారు. బంధువులు మాత్రం ఆడపిల్లకు ఆ పనేమిటి, విజయవాడలో ఇంటర్ చదివించమంటున్నారు. హాస్టల్‌తో ఏడాదికి 1,30,000. నేనూ ఏసీ మెకానిక్ పని నేర్చుకోవాలనుకుంటున్నాను. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల కోర్సుకు 85,000 అడుగుతోంది. అప్పు వాళ్లే ఇప్పిస్తారట, నెలకు 4,500 చొప్పున 24 వాయిదాలు. 2,000 అడ్వాన్సు ఇచ్చాను. సుకన్య ఖాతాలో 1,90,000, పోస్టాఫీసులో 40,000 ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ ఇంకా ఎనిమిది నెలలు ఉంది. చీటీ పాడి, సుకన్య డబ్బు తీసి ఇద్దరి చదువూ మొదలుపెట్టవచ్చా?

జవాబు: మీ పాప ఎంచుకున్న దారి మంచిది. మీ ఆలోచన కూడా మంచిదే. తప్పంతా ఆ 85,000 రూపాయల కోర్సులో ఉంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

నెలకు 4,500 చొప్పున 24 నెలలు కడితే 1,08,000 అవుతుంది. అంటే అసలు మీద అదనం 23,000. రెండేళ్లకు పంచితే ఏడాదికి 13.5 శాతమే కదా అనిపిస్తుంది, సంస్థవాళ్లు చెప్పేదీ ఆ లెక్కే. కానీ మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూనే ఉంటారు. చివరి నెలల్లో మీ దగ్గర మిగిలిన అప్పు చాలా తక్కువ. ఆ తగ్గుదలను లెక్కలోకి తీసుకుంటే నిజంగా పడే వడ్డీ ఏడాదికి 24 శాతం. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటామే, సరిగ్గా అదే. పైగా అప్పు మీ పేరు మీద ఉంటుంది, డబ్బు మాత్రం సంస్థ చేతికి పోతుంది. పాఠాలు సరిగా చెప్పకపోయినా, మధ్యలో తలుపులు మూసేసినా వాయిదాలు కట్టాల్సింది మీరే. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు మొత్తం ఖర్చుతో కూడిన వార్షిక వడ్డీ శాతాన్ని ఒక పత్రంలో రాసి ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పత్రం చూపించమని అడగండి. అది చూపించనివాళ్ల దగ్గర సంతకం పెట్టకూడదు.

ఇంకో ఖర్చు మీ ఉత్తరంలో కనిపించలేదు. ఆరు నెలలు విజయవాడలో ఉంటే జీతం పోతుంది, అది 1,14,000. గదికీ తిండికీ నెలకు 6,000 వేసుకున్నా 36,000. వాయిదాలతో కలిపితే 2,58,000. పాప ఇంటర్‌కు రెండేళ్లలో 2,60,000. రెండూ కలిపి ఐదు లక్షల పైమాటే, మీ ఇంటి మొత్తం ఆదాయమేమో ఏడాదికి మూడు లక్షలు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి కొత్త పని నేర్చుకునేటప్పుడు ఫీజు కన్నా ముందు చూసుకోవాల్సింది ఎన్ని నెలల జీతం వదులుకోవాలనే లెక్క. ప్రభుత్వ ఐటీఐలో చేరడానికి గరిష్ఠ వయసు అడ్డు లేదు, ఫీజూ తక్కువే. అయినా ఏసీ, ఫ్రిజ్ ట్రేడు అక్కడ రెండేళ్ల చదువు. 4,56,000 జీతం వదులుకోవాలి. అందుకే మీకు అదీ చెప్పను.

మీకు సరిపడేది గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. బ్యాంకులు నడుపుతాయి. ఆర్‌సెటీ అంటే బ్యాంకులో అందరికీ తెలుస్తుంది. శిక్షణ, వసతి, భోజనం అన్నీ ఉచితం. ఫ్రిజ్, ఏసీ మరమ్మతు కోర్సు దాదాపు నెల రోజులు ఉంటుంది. మీ కొత్త జిల్లా బాపట్లలో లేకపోతే ఒంగోలులో అడగండి, తర్వాతి బ్యాచ్ తేదీ కనుక్కోండి. నెల రోజుల్లో ఎవరూ పూర్తి మెకానిక్ కారు. ఆ మాట మీకు ఎవరైనా చెబితే నమ్మవద్దు. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేక దుకాణంలో బేరాలు పలచబడే రోజుల్లో యజమానిని అడిగి ఒక నెల సెలవు పెట్టండి. తర్వాత వచ్చే ఎండాకాలం చీరాలలో ఎవరైనా మంచి మెకానిక్ వెంట సెలవు రోజుల్లో సహాయకుడిగా తిరగండి. మార్చి నుంచి జూన్ దాకా వాళ్లకు చేతినిండా పని, మనుషులు కావాలి. ఆ సీజనులో చేతికొచ్చే డబ్బు చూసి ఉద్యోగం మానాలా వద్దా అని నిర్ణయించుకోండి.

చీటీ ఇప్పుడు పాడవద్దు. అవసరం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గించుకుని పాడతారు, ఆ తగ్గింపే మీకు వడ్డీ. చివరిదాకా ఉంచి దించుకుంటే ఎనిమిది నెలల తర్వాత వ్యాక్యూమ్ పంపు, గేజ్ సెట్టు, క్లాంప్ మీటరు, రాగి గొట్టం చివర విప్పే ఫ్లేరింగ్ టూల్ లాంటి ఏసీ పనిముట్లు సొంతంగా కొనుక్కోవచ్చు. అప్పటికి మీకు ఏ కంపెనీది కొనాలో కూడా తెలిసి ఉంటుంది. పోస్టాఫీసులోని 40,000 మాత్రం ఆసుపత్రి ఖర్చుకని వదిలేయండి.

ఇక పాప సంగతి. పాలిటెక్నిక్ సీటు వస్తే కళ్లు మూసుకుని చేర్పించండి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది, కాబట్టి ఇంజినీరింగ్ తలుపు మూసుకుపోదు. ఉద్యోగమే కావాలనుకుంటే రైల్వే జూనియర్ ఇంజినీరు పోస్టులకు డిప్లొమా అర్హత. అసిస్టెంట్ లోకో పైలట్ (సహాయక రైలు డ్రైవరు) పోస్టుకు ఐటీఐవాళ్లతో పాటు ఎలక్ట్రికల్ డిప్లొమావాళ్లూ పోటీ పడవచ్చు. రైళ్లు నడిపే ఆడపిల్లలు ఇప్పుడు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. బంధువులకు నేనైతే ఆ ఒక్క మాటే చెబుతాను. ఒకవేళ సీటు దూరపు ఊళ్లో వస్తే దగ్గరి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చూడండి. రెండేళ్ల చదువు, ఆ తర్వాత స్టైపెండుతో అప్రెంటిస్‌షిప్.

ప్రభుత్వ పాలిటెక్నిక్ ఫీజు ఏడాదికి కొద్ది వేలే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీ కుటుంబం అర్హమో కాదో సచివాలయంలో కనుక్కోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కనుక రోజూ ఒంగోలు వెళ్లి రావడానికి టికెట్ ఖర్చు కూడా ఉండదు. సుకన్య ఖాతా నుంచి పదో తరగతి పాసయ్యాక అంతకుముందు మార్చి ఆఖరుకు ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. మీకు అది దాదాపు 95,000. అయితే అది అమ్మాయి చదువుకే, కాలేజీ ఇచ్చే సీటు ఖరారు కాగితమో ఫీజు కాగితమో చూపిస్తేనే ఇస్తారు. మీ కోర్సుకు వాడటానికి నిబంధన ఒప్పుకోదు. ఒకేసారి తీయాల్సిన పనీ లేదు. ఏడాదికొకసారి చొప్పున అవసరమైనంతే తీసుకోండి. మిగిలినదాని మీద ఇప్పుడు 8.2 శాతం వడ్డీ వస్తోంది. ఇంత వడ్డీ మీకు మామూలుగా బ్యాంకు డిపాజిట్‌లో రాదు.

మీ భార్య సంపాదన గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఇంట్లో అందరికన్నా ముందు పని చేతిలో ఉన్నది ఆమెకే. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుట్టుపని ఉంది. కొద్ది రోజుల శిక్షణకు రోజుకు 500 ఇస్తారు, పరికరాలకు 15,000 వరకు ఇస్తారు, ఆపైన లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది. ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది. గత ఐదేళ్లలో ముద్ర వంటి ప్రభుత్వ పథకం అప్పు తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే రాదు. మీ పేరుతో కాకుండా ఆమె పేరుతోనే నమోదుకు వీలుందేమో కామన్ సర్వీస్ సెంటర్‌లో కనుక్కుని చేయించండి. అప్పు మాత్రం గిరాకీ పెరిగి, మోటారు మిషను కావాలనిపించిన రోజున తీసుకుంటే చాలు.

సంస్థకు ఇచ్చిన 2,000 తిరిగి ఇమ్మని ఉత్తరం రాసి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఇస్తే మంచిది. ఇవ్వకపోతే ఆ 2,000 పోయిందనుకుని అప్పు కాగితం మీద సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చేయండి.