దిద్దడమా, సంపాదించడమా?

సందేహం: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్స్ఎంఎల్ ఫైళ్లను (సమాచారాన్ని పేర్ల గుర్తుల మధ్య పెట్టి దాచే ఫైళ్లను) ఎడిట్ చేసే పాఠాన్ని తెలుగులో రాస్తున్నాను. ఒడియా మిత్రులు ఎడిటింగును ‘సంపాదన’ అనమంటున్నారు. సవరించడం, దిద్దడం – ఏది సరి? – ఒక పాఠకుడు

సమాధానం: ఒడియాలో ఆ మాట చక్కగా నడుస్తుంది. మనకు సంపాదకుడూ సంపాదకీయమూ ఉన్నా, సంపాదన మాత్రం నెలాఖరుకు చేతికొచ్చేదే. ‘ఫైలును సంపాదించండి’ అంటే మీ కుర్రాళ్లు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని ఊరుకుంటారు.

ఇక దిద్దు. తమిళంలో తిరుత్తు, పాత కన్నడంలో తిర్దు, తర్వాత తిద్దు; మన దగ్గర తకారం దకారమైంది. వంకర తీసి సరిచేయడం మూలార్థం. తెలుగువాడు దీన్ని పలక మీద కూర్చోబెట్టాడు. పంతులుగారి ‘అ’ మీదే బలపం తిప్పితే దిద్దడం, పక్కన మరో ‘అ’ పెడితే రాయడం. గురజాడ 1910లో కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టింది ఊరికే కాదు: కమలిని మొగుణ్ణి మార్చలేదు, ఉన్నవాణ్ణే దారికి తెచ్చింది. బొట్టు దిద్దడం, మీసం దిద్దడం ఈ కోవలోవే. చెవి దిద్దుల సంగతి వేరు.

ఈ లెక్కన ఫైలును అన్‌మార్షల్ చేసి (స్ట్రక్ట్ అనే గళ్ల అచ్చులోకి చదువుకుని), విలువ మార్చి, మళ్లీ మార్షల్ చేయడం (ఆ అచ్చు నుంచి ఫైలుగా రాయడం) దిద్దడం కాదు, తిరగరాయడం. <ధర>120</ధర>ను 150 చేయబోతే, స్ట్రక్ట్‌లో చోటివ్వని ఎలిమెంట్లు (‘ధర’ లాంటి భాగాలు), అట్రిబ్యూట్లు (వాటికి తగిలించిన లక్షణాలు), వ్యాఖ్యలు చెప్పాపెట్టకుండా పోతాయి. ఫైలు మొదట్లో ఉండే ఎక్స్ఎంఎల్ డిక్లరేషన్‌ను మీరే చేర్చుకోవాలి. ఫీల్డుకు (స్ట్రక్ట్‌లోని గడికి) ‘ధర’ అని తెలుగు పేరు పెడితే కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకుంటుంది గాని ఎక్స్ఎంఎల్ పని చూసే గో ప్యాకేజీ దాని మొహం చూడదు. పెద్దక్షరంతో మొదలైన పేర్లే దానికి కనిపిస్తాయి, మనకా పెద్దక్షరాలు లేవు. ‘పేరు’ అని పెడితే గుణింతపు గుర్తుల దగ్గర కంపైలరే అడ్డుపడుతుంది. తెలుగు మాటను ఫీల్డు పక్కన బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్యనుండే ట్యాగులో పెట్టండి.

ఫైలును చదివే డీకోడర్ నుంచి టోకెన్లు (మొదలు, ముగింపు, పాఠం, వ్యాఖ్య లాంటి ముక్కలు) ఒక్కొక్కటే తీసి రాసే ఎన్‌కోడర్‌కు అందిస్తే వ్యాఖ్యలు దక్కుతాయి (చివర మిగిలినదాన్ని బయటికి తోసే ఫ్లష్ మరిస్తే ఫైలు తోక తెగుతుంది). అయినా <ఖాళీ/> అన్నది <ఖాళీ></ఖాళీ> అవుతుంది, నేమ్‌స్పేస్ ప్రిఫిక్సులు (పేర్ల ముందు కోలన్‌తో ఉండేవి) చెదురుతాయి.

పలక మీద దిద్దినట్టే చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. ‘ధర’ మొదలయ్యే టోకెన్ రాగానే డీకోడర్‌ను ఇన్‌పుట్‌ఆఫ్‌సెట్ (ఫైలులో ఎన్నో బైటు దాకా వచ్చిందో) అడగండి. లోపలి పాఠం చదివాక మళ్లీ అడగండి. ఆ రెండు అంకెల మధ్య బైట్లు తీసి 150 పెట్టి, మిగతావి ఉన్నవున్నట్టు అతికించండి. కొత్త పాఠంలో ‘&’ ఉంటే ‘&amp;’ చేయడం మరవకండి.

‘ఫైలు సవరించబడినది’ అని తెరల మీద రాసేవారితో నాకు పేచీ ‘బడు’ గురించే. సవరించు మంచి మాటే, టోకెన్ల పద్ధతికి వాడుకోండి. ఆఫ్‌సెట్ల పద్ధతికి మాత్రం దిద్దడమే నప్పుతుందని నా మొగ్గు. గిడుగువారు సవర భాష నేర్చి నిఘంటువు కట్టిన ఊరు మీది గనుక ఒక్క హెచ్చరిక: సవరలకూ సవరించుకూ చుట్టరికం కలపకండి.